నీళ్ల ప్లాంటు తాళంచెవి

నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. ఊరి పేరు అక్కర్లేదు. అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. అలాంటి తగవులూ చాలా ఉన్నాయి.

ఆ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బిందెలో పోసి ఉంచితే అడుగున తెల్లగా పొర కడుతుంది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు పక్క ఊరికి పోయేవాళ్లు.

పదకొండు మంది ఆడవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించారు. ఒక దాత యంత్రం కొనిచ్చాడు. పంచాయతీ వాళ్లు ఒక గది ఇచ్చారు. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మొదలైంది. ఇరవై లీటర్ల క్యాను 5 రూపాయలు.

రోజుకు సుమారు 120 క్యాన్లు పోతాయి. లెక్క వేయండి.

120 × 5 = 600 రూపాయలు.

నెలకు 600 × 30 = 18,000 రూపాయలు.

ఇందులో కరెంటు బిల్లు పోవాలి. ఫిల్టర్లు మార్చాలి. ప్లాంటు నడిపే కుర్రాడికి జీతం ఇవ్వాలి. మిగిలింది బ్యాంకులో వేయాలి. రేపు మోటారు కాలిపోతే ఆ డబ్బే దిక్కు.

ఇలాంటి సంఘాన్ని లాభాపేక్ష లేని సంస్థ అంటారు. ఈ మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. లాభాపేక్ష లేదంటే డబ్బు మిగలకూడదని కాదు. మిగిలిన డబ్బును సభ్యులు పంచుకోకూడదని అర్థం. అది మళ్లీ ఆ పనికే పోవాలి. పొదుపు సంఘంలో ఎవరి పొదుపు వాళ్లది. ఇక్కడ అట్లా కాదు. ప్లాంటు డబ్బు పదకొండు మందిదీ కాదు. క్యాను పట్టుకుని వరుసలో నిలబడే ఊరందరిదీ.

ఆ రాత్రి

సంఘంలో డబ్బు చూసే ఆమె ఒకరు ఉన్నారు. ఆమెను కోశాధికారి అంటారు. రోజూ సాయంత్రం ప్లాంటు డబ్బు లెక్కపెట్టి ఇంట్లో పెట్టెలో దాచేది. వారానికోసారి బ్యాంకుకు పోయేది. పెట్టెకు ఒకటే తాళం. తాళంచెవి ఆమె కొంగున ఉండేది. రెండేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

ఒక రాత్రి ఆమె మనవడికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చింది. కొడుకు ఊళ్లో లేడు. చేతిలో 200 రూపాయలు కూడా లేవు. అర్ధరాత్రి ఎవరి తలుపు తడుతుంది? ఆమె పెట్టె తెరిచింది. 4,000 తీసింది. ఆటో పిలిపించి పిల్లాణ్ణి టౌనుకు తీసుకుపోయింది. పిల్లాడు బతికాడు.

పదో రోజున ఆ 4,000 మళ్లీ పెట్టెలో పెట్టింది. పాల డబ్బులు రాగానే పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గేసింది.

కానీ మధ్యలో అయిదో రోజున ఫిల్టర్లు తెచ్చే మనిషి వచ్చాడు. పెట్టెలో చాలినంత లేదు. “రేపు రా నాయనా” అంది. అతను ఆ మాట టీ అంగట్లో అన్నాడు. టీ అంగట్లో మాట ఊరంతా తిరిగింది. తిరిగేకొద్దీ పెరిగింది. 4,000 కాస్తా 40,000 అయింది.

ఆదివారం సమావేశంలో ఆమె పెట్టె తెచ్చి నడుమ పెట్టింది. తాళంచెవి విసిరేసింది.

“లెక్క చూసుకోండి. రూపాయి తక్కువైతే నన్నడగండి. ఇకమీద ఈ డబ్బు నేను చూడను” అంది.

లెక్క చూశారు. రూపాయి తక్కువ లేదు. అయినా ఎవరూ తాళంచెవి తీసుకోలేదు. రేపు తమ మీద కూడా ఇదే మాట వస్తుందని భయం. ప్లాంటు రెండు రోజులు మూతపడింది. ఊరంతా మళ్లీ ఉప్పు నీళ్లు తాగింది.

ఆమె దొంగా? కాదు. మరి చేసింది సరైనదా? అదీ కాదు. సంఘం సొమ్ము సొంతానికి వాడింది, ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రాత్రి ఆమెకు వేరే దారి ఏది? సంఘం ఎవరికీ ఏ దారీ చూపలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సంతకం పెట్టారు, చదవలేదు

ఆ సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె 1990ల మొదట్లో, జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిన సంగతి అప్పట్లో పాఠంగా చదివారు. చదివి ఊరుకోలేదు. ఊరూరా ఆడవాళ్లు సారా అంగళ్ల ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. ఇదంతా పెద్దమ్మ కళ్లారా చూసింది. అందుకే కాగితం అంటే ఆమెకు గౌరవం.

మూడో రోజున పెద్దమ్మ అందరినీ పిలిచింది.

“మన నిబంధనల పుస్తకం ఏదీ? తియ్యండి” అంది.

తీశారు. సొసైటీలను నమోదు చేయడానికి 2001లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. సంఘం ఎందుకు పెట్టారో రాయాలి. ఎలా నడుస్తుందో నిబంధనలు రాయాలి. ఈ సంఘం కూడా రాసింది. కానీ ఎవరు రాశారు? టౌనులో దస్తావేజులు రాసే ఆయన. ఆయన వేరే సంఘం కాగితాలు చూసి ఎక్కించాడు. పదకొండు మందీ సంతకాలు పెట్టారు. ఒక్కరూ చదవలేదు. సంతకం నేర్చుకున్నది ఇందుకు కాదు గదా!

పెద్దమ్మ కూడబలుక్కుంటూ చదివింది. ఎన్నికలు ఎట్టా జరపాలో ఉంది. ఏడాదికోసారి అందరూ కూర్చోవాలని ఉంది. డబ్బు పెట్టె ఎవరింట్లో ఉండాలి, ఎవరు తీయవచ్చు, ఎవరు తీయకూడదు, ఆ మాట ఎక్కడా లేదు.

“తీయకూడదని మనం యాడా రాసుకోలేదు. రాయని దానికి ఒక మనిషిని దొంగ అన్నాం” అంది పెద్దమ్మ.

“దొంగతనం చేయకూడదని కూడా రాసుకోవాల్నా పెద్దమ్మా? అందరికీ తెలిసిందే గదా” అంది ఒక కోడలు పిల్ల.

“నీకు తెలిసింది ఒకటి. నాకు తెలిసింది ఒకటి. పది రోజులు వాడుకుని పెట్టేస్తే తప్పు లేదని ఆమెకు తెలుసు. తప్పేనని నీకు తెలుసు. రాసుకుంటే ఇద్దరికీ ఒకటే తెలుస్తుంది.”

అప్పుడు నీతి నియమాలు రాసుకోవాలని తీర్మానం చేశారు. నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం: డబ్బు

ఇది తొందరగానే తేలింది. పెట్టెకు రెండు తాళాలు. తాళంచెవులు ఇద్దరి దగ్గర. ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కాకూడదు. బ్యాంకు చెక్కు మీద రెండు సంతకాలు. ఖాళీ చెక్కు మీద, ఖాళీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకూడదు. ఎంత నమ్మకస్తులు అడిగినా సరే. ప్రతి ఖర్చుకూ రసీదు.

ప్లాంటు గోడకు నల్లబల్ల కట్టారు. ఈరోజు ఎన్ని క్యాన్లు, ఎంత డబ్బు. రాత్రికి రాయాలి. నీళ్లకు వచ్చిన ప్రతివాళ్లూ చదువుకోవచ్చు.

ఒక సంగతి మాత్రం అందరినీ ఆలోచనలో పడేసింది. ఇప్పుడు చాలామంది ఫోనుతోనే డబ్బు కడుతున్నారు. ప్లాంటు దగ్గర స్కాన్ చేసే బోర్డు ఒకటి ఉంది. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? ప్లాంటు కుర్రాడి ఖాతాలో. అతను నెలాఖరుకు లెక్క కట్టి ఇచ్చేస్తున్నాడు. ఇంతవరకూ తేడా రాలేదు. కానీ అది పెట్టె సంగతి లాంటిదే గదా! ఒకటే తాళం, ఒకటే చేయి. బోర్డు తీయించి సంఘం ఖాతా పేరుతో కొత్తది పెట్టించాలని రాసుకున్నారు.

రెండో ఆదివారం: మనవాళ్లు

ఇది తెగలేదు. రాత్రి దాకా సాగింది.

ప్లాంటుకు రెండో కుర్రాడు కావాలి. అధ్యక్షురాలి అన్న కొడుకు ఉన్నాడు.

“మా మేనల్లుడు ఐటిఐ చదివినాడు. మోటారు పని తెలుసు. నాకు మేనల్లుడైనంత మాత్రాన వాడికి పని ఇవ్వకూడదా?” అంది అధ్యక్షురాలు. ఆమెకు కోపం వచ్చింది.

“ఇవ్వకూడదని ఎవరన్నారు వదినా? నువ్వు ఎంచకూడదు అంటున్నాం, అంతే” అంది ఒకామె.

ఈ తేడా చిన్నది కాదు. చిన్న ఊళ్లో అందరూ అందరికీ బంధువులే. బంధువులకు పనే ఇవ్వం అంటే ఊళ్లో ఎవరికీ ఇవ్వలేం. అందుకని ఇలా రాసుకున్నారు. పని ఖాళీ ఉందని నోటీసు బోర్డు మీద రాయాలి. ఎవరైనా అడగవచ్చు. అడిగినవాళ్లలో తన చుట్టం ఉంటే ఆ సభ్యురాలు ముందే చెప్పాలి. తీర్మానం చేసేటప్పుడు లేచి బయటకు పోవాలి. బయటకు పోయిందని తీర్మానాల పుస్తకంలో రాయాలి. ఎంచిన కారణం కూడా రాయాలి.

సామాను కొనేటప్పుడూ ఇదే పద్ధతి. సభ్యురాలి భర్తకు పైపుల అంగడి ఉంటే అక్కడ కొనవచ్చు. కానీ రెండు మూడు అంగళ్ల ధర కనుక్కోవాలి. ఆమె ఆ తీర్మానంలో చేయి ఎత్తకూడదు.

ఈ మాట ఊరి పెద్దమ్మల మాట మాత్రమే కాదు. ఆదాయపు పన్ను మినహాయింపు పొందే సేవా సంస్థలకు చట్టమే ఇలాంటి షరతు పెట్టింది. సంస్థను నడిపేవాళ్లకూ, వాళ్ల బంధువులకూ సంస్థ సొమ్ముతో అనుచితమైన మేలు జరగకూడదు. జరిగితే మినహాయింపుకే ముప్పు.

అధ్యక్షురాలి మేనల్లుడికే చివరకు పని వచ్చింది. ఆమె బయట అరుగు మీద కూర్చుని ఉండగా వచ్చింది. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి ఎవరూ వేలెత్తి చూపలేరు. నియమం వల్ల మేలు జరిగింది అతనికే.

మూడో ఆదివారం: కానుకలు

ఫిల్టర్లు తెచ్చే మనిషి ఒకసారి కోశాధికారితో మెల్లగా అన్నాడట. “అక్కా, బిల్లు 3,000 రాస్తా. మీ చేతి ఖర్చుకు 300 ఇస్తా.” ఆమె తీసుకోలేదు. ఆ 300 ఎవరి డబ్బు? అతని జేబులోంచి వచ్చేది కాదు. బిల్లులో కలిపేస్తాడు. 300 అంటే 60 క్యాన్ల డబ్బు. అరవై ఇళ్లవాళ్లు ఇచ్చిన డబ్బు.

కమీషన్ వద్దన్నది అందరూ ఒప్పుకున్నారు. చీర పెడితే? సంక్రాంతికి మిఠాయి పెట్టె పంపితే? దాత వచ్చినప్పుడు అధ్యక్షురాలికి శాలువా కప్పితే?

అప్పుడు పెద్దమ్మ ఒక కథ చెప్పింది. గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివిన గాంధీజీ ఆత్మకథలో ఉంది.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో భారతీయుల కోసం పనిచేశారు. అక్కడ 1894లో నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ అనే సంఘం పెట్టారు. చందా ఇచ్చిన ప్రతివాళ్లకూ రసీదు రాసేవారు. 1901లో ఆయన ఇండియాకు బయలుదేరారు. అక్కడివాళ్లు ప్రేమతో కానుకలు ఇచ్చారు. బంగారం, వెండి, వజ్రాల వస్తువులు. కస్తూరిబాకు 50 గినీల విలువైన బంగారు హారం ఇచ్చారు. గినీ అంటే అప్పటి ఇంగ్లీషు డబ్బు లెక్క.

ఆ రాత్రి గాంధీజీకి నిద్ర పట్టలేదు. ప్రజలకు చేసిన సేవకు కూలి తీసుకోవచ్చా? తీసుకోకూడదనుకున్నారు. కానుకలన్నీ ఒక ట్రస్టుకు రాసి ఇవ్వాలనుకున్నారు. కస్తూరిబా ఒప్పుకోలేదు. రేపు కోడళ్లు వస్తే ఏం పెట్టాలి అంది. నా నగలు ముందే తీయించావు అంది. నీ సేవ అంటావు, రాత్రీపగలూ ఇంట్లో నేను చేసింది సేవ కాదా అంది. ఆ మాటల్లో కొన్ని తనకు గట్టిగా తగిలాయని గాంధీజీయే రాసుకున్నారు. చివరకు ఆమెను ఒప్పించారు. కానుకలు బ్యాంకులో పెట్టి, ప్రజల పనికి వాడేలా ట్రస్టు పత్రం రాశారు.

కథ విని ఆడవాళ్లు రెండు జట్లయ్యారు. “ఆ తల్లి అడిగింది న్యాయమే గదా” అన్నారు కొందరు. ఆమె అడిగింది న్యాయమే. ఇంటి చాకిరీని ఎవరూ లెక్కలో వేయరు. కానీ హారం ఇచ్చింది ఆమె ఇంటి చాకిరీ చూసి కాదు, సంఘం పని చూసి. ఇంత లోతు మాట ఆ ఊళ్లో ఎన్నడూ నడవలేదు. పొయ్యి మీద కూరలు మాడిపోయాయి.

చివరకు రాసుకున్నది ఇది. తినేది ఏదైనా వస్తే సమావేశంలో అందరూ తినాలి. వస్తువు ఏదైనా వస్తే పుస్తకంలో రాసి సంఘానికి జమ చేయాలి. డబ్బు రూపంలో ఎవరూ ఏదీ తీసుకోకూడదు.

నాలుగో ఆదివారం: నోరు విప్పితే?

కొన్ని నియమాలు చకచకా అయిపోయాయి. ప్లాంటు గోడ మీద, క్యాన్ల మీద ఏ పార్టీ గుర్తూ ఉండకూడదు. సర్పంచు ఇల్లయినా, సభ్యురాలి ఇల్లయినా క్యానుకు 5 రూపాయలే. కాలనీ వాళ్లకు వేరే కుళాయి పెడితే బాగుంటుందని ఒక మాట వచ్చింది. ఎవరన్నారో ఇక్కడ అక్కర్లేదు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఒకటే కుళాయి, ఒకటే వరుస అని రాశారు.

పనిచేసే చోట ఆడవాళ్లను వేధించడం మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. పదిమంది కంటే తక్కువైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి చెప్పవచ్చు. ఆ మాట కూడా గోడ మీద రాయించారు.

అసలు చిక్కు వేరే ఉంది. తప్పు జరిగిందని తెలిస్తే ఎవరికి చెప్పాలి?

“అధ్యక్షురాలికి చెప్పాలి.”

“తప్పు అధ్యక్షురాలే చేస్తే?”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అధ్యక్షురాలే నవ్వింది. “రాయండమ్మా. నేను మాత్రం దేవతనా?” అంది.

సంఘంలో లేని ఇద్దరిని ఎంచారు. ఒకరు రిటైరైన టీచరమ్మ. ఇంకొకరు కాలనీలో అందరూ గౌరవించే ఒక అత్త. ఫిర్యాదు వాళ్లకు చెప్పవచ్చు. నోటితో చెప్పినా చాలు, వాళ్లు రాసుకుంటారు. పదిహేను రోజుల్లో రెండు వైపులా వినాలి. విన్నాకే సమావేశంలో పెట్టాలి. అప్పటిదాకా ఆ మాట టీ అంగడికి పోకూడదు. ఫిర్యాదు చేసినామెకు నీళ్లు ఆపడం, పని తీసేయడం, వెలివేయడం చేయకూడదు. ఫిర్యాదు తప్పని తేలినా సరే. కావాలని అబద్ధం చెప్పిందని రుజువైతే మాత్రం అది వేరే సంగతి.

లెక్కలు ఎవరు అడిగినా చూపాలని కూడా రాశారు. ప్రభుత్వం నుంచి చాలా భాగం సొమ్ము తీసుకునే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఈ సంఘం ప్రభుత్వం నుంచి సొమ్ము తీసుకోలేదు. అయినా చూపుతామని రాసుకుంది. నీళ్లు తాగేవాళ్లకు అడిగే హక్కు ఉంది గదా!

ఆపద వస్తే?

మిగిలింది ఆ రాత్రి సంగతే. పిల్లాడికి ప్రాణం మీదికి వస్తే పెట్టె తీయవచ్చా?

“తీయవచ్చు అని రాస్తే ప్రతివాళ్లకూ ఆపదే వస్తుంది.”

“తీయకూడదు అని రాస్తే బిడ్డ ఏం కావాల?”

చాలాసేపు ఎటూ తేలలేదు. అప్పటిదాకా మూలన మౌనంగా కూర్చున్న కోశాధికారి నోరు విప్పింది.

“ప్లాంటు డబ్బు వద్దు. మన డబ్బు మనం వేసుకుందాం. నెలకు తలా 20. అది వేరే డబ్బా. ఆపదకు అది తీసుకోవచ్చు. తీసినామె మర్నాడే చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడకూడదు.”

11 × 20 = 220. ఏడాదికి 2,640. పెద్ద మొత్తం కాదు. అర్ధరాత్రి ఆటోకు, ఆసుపత్రి చీటీకి, మొదటి మందులకు చాలు. తొమ్మిది మంది ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదన్న సంగతి కూడా పుస్తకంలో రాశారు.

నియమాలన్నీ పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాయించారు. రాసింది పెద్దమ్మ మనవరాలు. చదివి వినిపించింది మాత్రం పదకొండు మందీ. తలా ఒక నియమం. కొందరు తడబడ్డారు. పక్కనున్నవాళ్లు అందించారు. అందరూ చదివాకే సంతకాలు పెట్టారు. ప్రతి ఏడాది పెద్ద సమావేశంలో మళ్లీ చదవాలి. పనికిరానిది మార్చాలి.

ఒక తాళంచెవి కోశాధికారి తీసుకుంది. రెండోది కోడలు పిల్ల కొంగున కట్టుకుంది.

చర్చించండి

మీ సంఘం నిబంధనల పుస్తకం ఎక్కడ ఉంది? చివరిసారి దాన్ని ఎవరు చదివారు?

మీ సంఘానికి ఫోను ద్వారా వచ్చే డబ్బు ఎవరి పేరుతో ఉన్న ఖాతాలో పడుతోంది?

కస్తూరిబా స్థానంలో మీరుంటే ఏమనేవాళ్లు?

ఆ ఊరి సంఘం ముందు ఇప్పుడొక కొత్త సంగతి ఉంది. యంత్రం ఇచ్చిన దాత ఇంట్లో పెళ్లి. వంద క్యాన్లు ఊరికే పంపమని కబురు పెట్టాడు. వంద క్యాన్లంటే 500 రూపాయలు. యంత్రం ఖరీదు ముందు అదెంత? పైగా ఊరికి నీళ్లు వచ్చింది ఆయన వల్లే. నియమంలో మాత్రం అందరికీ 5 రూపాయలే అని ఉంది. వచ్చే ఆదివారం సమావేశం. మీరైతే చేయి ఎటు ఎత్తుతారు?